అనౌన్సరమ్మ గుమ్మం మంత్రం

మా ఊరి స్టేషన్లో ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్పడానికి రైల్వేవారు చాలా ఏళ్ళు ఒకే ఒక్క మనిషిని నమ్ముకున్నారు. ఆవిడ బండ్లను తేలేదు, ఆపలేదు, వేళకు నడపనూ లేదు. అయినా బండి ఆలస్యమైతే ఊరంతా ఆవిడనే తిట్టేది. వేళకొస్తే పుణ్యం డ్రైవరు ఖాతాలో పడేది. ఊరికి ఆవిడ అనౌన్సరమ్మ, వాచీలు బాగుచేసే మరిదికి వదిన, మాకు అక్క.

మేమంటే ఆదివారం మధ్యాహ్నాలు మరిది కొట్టు వెనక గదిలో తలుపేసుకుని, లేని రాజ్యాల్లో లేని రాక్షసులతో పోరాడే నలుగురం. బల్ల మీద ఆడే కథ అది. సూత్రధారి ఒక లోకాన్ని వర్ణిస్తాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర కట్టి అందులోకి దిగుతారు. కత్తి తగిలిందో లేదో, గోడ దూకామో నడుం విరిగిందో పాచిక తేలుస్తుంది. మా సూత్రధారి మరిది. స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా దొంగ పాత్ర కట్టేవాడు, నేను యోధుణ్ణి, అక్క మంత్రగత్తె. పెళ్ళిళ్ళయి, జుట్టు నెరిసి, మోకాళ్ళు నొప్పెడుతున్న మనుషులు ఈ పని చేస్తారని చెబితే ఇంటి దగ్గర ఎవరూ నమ్మరు కాబట్టి, చీట్లాడుతున్నామని చెప్పేవాళ్ళం. పరువుగా ఉండేది.

మొదట్లో ఆట పుస్తకంలో అచ్చయిన మంత్రాలే వాడాం. అవి అక్కకు నచ్చలేదు.

"నిప్పు, పిడుగు, వడగళ్ళు. ఇవేం మంత్రాలయ్యా మరిదీ? వాతావరణ వార్తలు."

"మరి నువ్వే చెయ్యరాదూ వదినా, చేతనైతే?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మరుసటి ఆదివారానికి అక్క ఇంట్లో వండిన మంత్రాలతో దిగింది.

అందులో మొదటిది ఆలస్యం మంత్రం. శత్రువు ఈటె విసిరితే దాని వైపు చెయ్యి చాపి, స్టేషన్ గొంతుతో, "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది. ఈటె గాల్లో నిలబడిపోయి, తర్వాత తన తీరుబడిని బట్టి వచ్చేది. దెబ్బ మాత్రం రద్దు కాదు. ఆ చోట అప్పుడు ఎవరుంటే వాళ్ళకే. ఒకసారి ఆ సంగతి మరిచి నా యోధుడు సరిగ్గా అక్కడే అన్నానికి కూర్చున్నాడు. వాడి అంత్యక్రియలు ఘనంగా జరిగాయి. నేను రెండు వారాలు అలిగాను.

రెండోది పోయిన సామాను మంత్రం. పాడుబడ్డ కోటలో మాకొక గొడుగు దొరికింది. అక్క లేచి నిలబడి, "గమనిక. ఎముక పిడి గల గొడుగొకటి దొరికినది. సొంతదారులు వచ్చి ఆనవాలు చెప్పి తీసుకుపోవలెను" అంది. బతికున్నా చచ్చినా సొంతదారు రావలసిందే, అదీ మంత్రం. మరిది కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత, ఎప్పుడో పోయిన రాజొకడు మెట్లెక్కి వస్తున్నాడని చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆనవాలేమిటని అక్క అడిగింది. "పిడి చివర మా పాప పళ్ళగాట్లుంటాయమ్మా" అన్నాడు రాజు, మరిది నోటితో. ఆ రోజు తెప్పించిన టీలు చల్లారిపోయాయి.

ఇక గుమాస్తా. అక్కను చూసి అతనూ ఒకటి చేశాడు: కౌంటరు మూత మంత్రం. అది వేసుకుంటే ఎదురుగా కూర్చునున్నా అతను ఎవరికీ కనబడడు.

"తమ్ముడూ, అది మంత్రం కాదు," అంది అక్క, "నీ ఉద్యోగం."

గుమాస్తాకు మరో విద్య కూడా ఉంది, అనుకరణ. అక్క వేసిన మంత్రాలను అక్క గొంతుతో తానే విప్పేసి, తనకు అనుకూలం చేసుకోవడం మొదలుపెట్టాడు. గొడవలయ్యాయి. దాంతో సూత్రధారి సభ తీర్చి, యావత్ భూతప్రేత లోకానికీ వర్తించేలా ఒక శాసనం ప్రతిపాదించాడు. ఇంట్లో చేసిన మంత్రం ఏ గొంతులో పుట్టిందో ఆ గొంతే దాన్ని విప్పాలి. ఇంకొకరు విప్పితే చెల్లదు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. అందరికంటే ముందు చెయ్యెత్తింది అక్కే.

ఆ శాసనం చేసిన కొన్నాళ్ళకు కథలో పాతాళం దాకా దిగాం. వెనకనుంచి ఏదో తరుముకొస్తోంది. మాకు మిగిలింది ఒక్క చెక్క తలుపు.

"తలుపవతల చీకటి," అన్నాడు మరిది. "అందులో అది గాలి మింగుతోంది. మింగిన గాలిని మళ్ళీ పైకి తెచ్చి, మాటల్లాంటివి చేస్తోంది." అంటూ విరిగిన గడియారం స్ప్రింగు మీద స్క్రూడ్రైవరుతో మెల్లగా గీశాడు. గర్ర్ర్ మంది. పట్టపగలు, కిటికీ తీసుంది, వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు. అయినా నా కాళ్ళు కుర్చీ మీదికి లేచాయి.

"దాని మొహం ఎలా ఉంది?" అన్నాడు గుమాస్తా.

"తలుపు తీస్తే తెలుస్తుంది."

"మీరు పోండర్రా. తలుపు నేను పట్టుకుంటాను," అంది అక్క. అని అప్పటికప్పుడే ఒక మంత్రం కట్టింది. తలుపు మీద చెయ్యి పెట్టి, "ఇటు ప్రవేశం లేదు" అంటే, ఆమె అక్కడున్నంతసేపూ ఆ తలుపు తెరుచుకోదు. ఆమె కదలకూడదు, అదీ మూల్యం. విప్పే మాట: "దారి వదలండి." మేం పారిపోయాం. ఆట ఆ పూటకు ముగిసింది.

"వచ్చే వారం విప్పుకుంటాలే," అంది అక్క లేస్తూ. ఆ రోజు గొంతు కాస్త బొంగురుగా ఉంది. "ఈలోగా కాళ్ళు పీక్కుపోకుండా నా మంత్రగత్తెకో స్టూలు వెయ్యి మరిదీ."

వచ్చే వారం అక్క రాలేదు. బొంగురు తగ్గలేదు. ఆసుపత్రిలో చూసి, గొంతులో పెరుగుతున్నదాన్ని తియ్యాలంటే దాంతోపాటు మాట పలికించే భాగాన్నీ తీసెయ్యాలన్నారు. తీసేశారు. అక్క బతికింది. మెడ కింద ఊపిరికి ఒక రంధ్రం, దాని మీద చిన్న తెల్లగుడ్డ, చేతిలో పిల్లల పలక. మాట నేర్పే ఒకావిడ ఆసుపత్రిలోనే పాఠం మొదలుపెట్టిందట. గాలి మింగి, త్రేన్పులా పైకి తెచ్చి, దాన్ని నోటితో మాటగా మలచాలి. చాలామంది అలాగే మాట్లాడుతున్నారని ధైర్యం చెప్పిందట. మొదటి రోజే అక్కకు ఒక అక్షరం వచ్చింది. దాన్ని వినగానే నోరు మూసుకుంది. మళ్ళీ ఆ పాఠానికి వెళ్ళలేదు. సిగ్గేమో అనుకున్నాం.

ఆటలో ఆమె మంత్రగత్తెకు గుర్తుగా గడియారం పళ్ళచక్రాలతో మరిది చేసిన బొమ్మ, అగ్గిపెట్టెతో చేసిన తలుపు, కొట్టులో గడియారాల అరమీద ఉండిపోయాయి. బొమ్మ చెయ్యి తలుపు మీద. దుమ్ము దులిపేటప్పుడు కూడా మరిది ఆ జానెడు చోటు వదిలి చుట్టూ దులిపేవాడు. అక్క ఆదివారాలు మళ్ళీ రావడం మొదలుపెట్టింది గానీ ఆడేది కాదు. కొత్త పాత్ర కట్టమంటే అరమీదికి వేలు చూపించేది. నేనక్కడున్నాను, అని.

"శాసనం మార్చేద్దాం వదినా. మనం రాసుకున్నదేగా!" అన్నాడు మరిది ఒకసారి.

అక్క పలక మీద రాసింది: "ముందు చెయ్యెత్తింది నేను."

ఆ వెనక గది అప్పట్నుంచీ మునుపటిలా లేదు. ఒక్కో గడియారం ఒక్కో టైము చూపిస్తూ ఉండేది. మేం కొత్త కథల్లో కొత్త రాక్షసులను చంపుతూ ఉండేవాళ్ళం. మధ్యలో ఎవరో ఒకరం అరమీదికి చూసేవాళ్ళం. చూసినవాళ్ళం చూడనట్టు నటించేవాళ్ళం. మనిషి బల్ల దగ్గర కూర్చుని ఉంటే, మనిషి తాలూకు మిగతా సగం అరమీద తలుపు పట్టుకుని నిలబడి ఉంటే, ఏ కథ సాగుతుంది?

ఇది చాలదన్నట్టు, అక్క గొంతు స్టేషన్లో ఇంకా ఉద్యోగం చేస్తోంది. జబ్బుకు ముందే రైల్వేవారు సామాన్ల గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, ఆమె చేత అంకెలూ ఊళ్ళ పేర్లూ చింతిస్తున్నాములూ విడివిడిగా చదివించి, దాచుకున్నారు. మిషను ఆ ముక్కలను అతికి ఏ బండికి కావాలంటే ఆ బండికి వాక్యం చేస్తుంది. 'ఏడు' చదివిన రోజు అక్కకు జలుబు. అందుకే మా ఊరికి ఏడు గంటల బండి ఎప్పుడూ ముక్కుతోనే వస్తుంది. మనిషికి గొంతు లేదు. గొంతుకు మనిషి లేదు. ఊళ్ళోవాళ్ళు మంచి మనసుతోనే, "ఇప్పుడే నీ గొంతు విన్నామమ్మా, ఎంత చక్కగా ఉందో" అని పరామర్శించేవారు. బజారుకెళ్ళాలంటే అక్క స్టేషన్ రోడ్డు మానేసి, గిడ్డంగుల వెనక నుంచి అంత దూరం తిరిగి వెళ్ళేది.

ఆ గొంతుకోసం ఒకరు మాత్రం అటే వెళ్ళేవారు. అక్క భర్త. ఆయనది బేకరీలో బట్టీ దగ్గర పని. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. అయిపోయాక నేరుగా ఇంటికి రాకుండా, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, వేడి ఆరని రొట్టెల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చునేవాడు. ఈ సంగతి అక్క ముందర నోరు జారినవాడు టికెట్టిచ్చే గుమాస్తానే.

అక్క పలక తీసింది: "రోజూ ఎవరితో?"

ఆయన దొరికిపోయిన మొగుడిలాగే తలొంచుకున్నాడు. "నీతోనే."

అక్క పలక తుడిచింది. తర్వాత, సుద్ద విరిగేట్టు రాసింది: "దాన్నే తెచ్చుకుని కాపురం చెయ్యండి. అది గడప తొక్కిన రోజు నేనుండను."

"కాస్త మీరైనా చెప్పండయ్యా," అన్నాడు ఆయన మాతో, అక్క లేనప్పుడు. "పగలైతే పలకుంది. దీపం ఆర్పాక మీ అక్క నాతో ఏమంటుందో నాకెలా తెలుస్తుంది? చెయ్యి పట్టుకుంటుంది, ఏదో అంటున్నట్టే ఉంటుంది. లేచి దీపం వేసేసరికి, ఏం లేదు పడుకో అని తలూపుతుంది." మాలో ముగ్గురికీ మాటలు బాగానే వచ్చు. ఒక్కటీ పనికి రాలేదు.

ఒక ఆదివారం ఆట మొదలుకాకముందే గుమాస్తా టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. రేపు పొద్దున స్టేషన్లో కొత్త మిషను బిగిస్తారు. అందులో గొంతు ఏ మనిషిదీ కాదు, మిషనే తయారు చేసుకుంటుంది. పాత ముక్కలన్నీ చెరిపేస్తారు.

అక్క పలక బోర్లా పెట్టింది. రొట్టెలు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త పళ్ళెం దించడం మరిచిపోయాడు. కాసేపటికి, ఆట అంటే ఏమిటో ఏనాడూ అడగని ఆ మనిషి, అరమీదికి చూస్తూ అన్నాడు.

"మీ తలుపు మాట ఏదో ఉందన్నారే, దారి వదలండి అని? అది స్టేషన్లో రోజూ అంటూనే ఉంటుంది కదా. ఆగకుండా పోయే బండి వచ్చినప్పుడల్లా."

మా ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఇన్ని లోకాలు తిరిగిన వీరులం, ఊళ్ళో స్టేషన్ దాకా ఎవరికీ బుర్ర పోలేదు.

వెంటనే న్యాయవిచారణ మొదలైంది. దాచిన గొంతు గొంతేనా? గుమాస్తా ఔనన్నాడు. నేను కాదన్నాను, నిజానికి ఔననే నా అభిప్రాయం, కానీ వాదనకు అవతలి పక్షం ఒకటుండాలి. సూత్రధారి కళ్ళజోడు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "గొంతు వదినదే. శాసనానికి అది చాలు. కానీ మంత్రం అనాలనే మనసు కూడా ఉండాలి. ఆ మాట వినబడే సమయానికి వదిన అక్కడుండాలి, ఉండి విప్పుతున్నానని అనుకోవాలి."

అక్క రాసింది: "రాను."

"ఎందుకు వదినా? ఇవాళ దాటితే ఇంక ఆ మాట అనే గొంతుండదు. నీ మనిషి ఎప్పటికీ ఆ తలుపు దగ్గరే ఉండిపోతుంది."

"తీస్తే లోపలున్నది వస్తుంది. అదేమిటో నాకు తెలుసు."

"నాకే తెలియదు వదినా, నీకెలా తెలుసు?"

అక్క లేచి మరిది పనిబల్ల దగ్గరికి వెళ్ళింది. స్క్రూడ్రైవరు తీసుకుంది. విరిగిన స్ప్రింగు మీద మెల్లగా గీసింది. గర్ర్ర్. స్క్రూడ్రైవరు కింద పెట్టి, మెడ కింది తెల్లగుడ్డ మీద చెయ్యి వేసుకుంది.

ఆసుపత్రిలో అక్కకు మొదటి రోజు వచ్చిన అక్షరం ఎలాంటిదో మాకప్పుడు తెలిసింది. తలుపవతలిది కూడా అంతే, గాలి మింగి, మాటలు పైకి తెచ్చేది. జబ్బు సంగతి ఎవరికీ తెలియకముందు మరిది సరదాకి కల్పించింది. మరిది ఆ స్ప్రింగు తీసి సొరుగులో పడేశాడు. అరమీద ఏదో ఒక గడియారం దానికి తోచిన టైము కొట్టింది.

"నేనైతే వెళ్తున్నా," అన్నాడు అక్క భర్త, గుమ్మంలోంచే. "ఇవాళే ఆఖరు కదా." రొట్టెలు గుమాస్తా చేతికిచ్చి, ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అక్క కిటికీలోంచి చూసింది. తర్వాత ఎవరూ ముట్టని ఆ అర దగ్గరికి వెళ్ళి, బొమ్మనూ అగ్గిపెట్టె తలుపునూ కలిపి రెండు చేతుల్లోకి తీసుకుని, స్టేషన్ రోడ్డు పట్టింది. మేం పాచికలు ఏరుకుని వెనక పరిగెత్తాం. పలక బల్ల మీద ఉండిపోయింది. మరిచిపోయిందనుకుని నేను తెచ్చాను.

ప్లాట్‌ఫారం మీద ఆయన ఎప్పటి బెంచీ మీదే ఉన్నాడు, చెవి అటు ఒగ్గి, కళ్ళు మూసుకుని. మొగుడు ఇంకొకామె మాట వినేటప్పుడు ఎలా ఉంటాడో చూడ్డానికి అక్క కొంచెం దూరంలోనే ఆగింది. అప్పుడే పైనుంచి ఆ గొంతు వచ్చింది. "గమనిక." అక్క బొమ్మను గుండెకు అదుముకుంది. ఆపరేషనయ్యాక దాన్ని వినడం అదే మొదలు. గుండ్రంగా, తీరుబడిగా, ఎవరి మీదా కోపం లేని గొంతు. నిలబడ్డ మనిషి మెడ గుడ్డ కింద ఊపిరి చప్పుడు. పైన ఆమె. కింద ఆమె. నేను ఎటు చూడాలో తెలియక కాలపట్టిక చదివాను.

ఆయన కళ్ళు తెరిచి, జరిగి చోటిచ్చాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని మీద బొమ్మ, తలుపు. మేం చుట్టూ చేరాం. సామాన్లు మోసే ఒకతను ఆగి, "ఏమిటండీ బాబూ ఇది?" అన్నాడు.

"ప్రయోగం," అన్నాడు గుమాస్తా హుందాగా. అతను నమస్కారం పెట్టి తప్పుకున్నాడు.

ఆగే బండ్లన్నీ వచ్చి పోయాయి. ఆగని బండి మాత్రం రాదే! పైనుంచి అక్క గొంతే దానికి క్షమాపణ చెప్పింది. అసౌకర్యానికి చింతిస్తున్నామంది. మరిది ఉలిక్కిపడి, గాల్లో నిలబడ్డ ఈటె కోసమేమో, పైకి చూశాడు. నేనూ కొంచెం పక్కకు జరిగాను. ఆ మంత్రంతో నాకు పాత అనుభవం.

చివరికి పట్టాలు సన్నగా పాడసాగాయి.

"గమనిక. ఆగకుండా వెళ్ళే బండి వస్తున్నది. గీత దాటకండి."

అక్క బొమ్మ చెయ్యి మీద తన వేలు పెట్టింది. పెదవులు కదుపుతోంది, పై గొంతుతో సరిగ్గా కలిసేట్టు.

"దారి వదలండి."

బండి వచ్చింది. బెంచీ, పళ్ళెం, మా పళ్ళు అన్నీ అదిరాయి. గాలి విసురుకు అగ్గిపెట్టె జారి తెరుచుకుంది. ఎవరూ ముట్టుకోలేదు. బండి పోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలే నిశ్శబ్దం ఉంటుందే, అందులో మరిది గొంతు పీలగా వినబడింది.

"తలుపు తెరుచుకుంది. అవతలి నుంచి..."

అతని చేతులు రెండూ మోకాళ్ళ మీదున్నాయి. స్ప్రింగు కొట్టులోనే ఉంది, స్క్రూడ్రైవరు కొట్టులోనే ఉంది. అయినా ఆ చప్పుడు వచ్చింది. మొదట గాలి మింగిన చప్పుడు. తర్వాత గర్ర్ర్ మని, తుప్పు పట్టిన గడియ తీసినట్టు, ఒక్కో అక్షరమే పైకి వచ్చింది. గుమాస్తా నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ గుర్తు రెండు రోజులు పోలేదు.

"ఇన్నాళ్ళు," అంది అది. ఆగింది. మళ్ళీ గాలి మింగింది. "గుమ్మంలో... నిలబెట్టారు. లోపలికి... రమ్మనరా?"

సూత్రధారి వైపు చూశాం. లోకాలను పుట్టించే మనిషి చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు. నా దగ్గర పలక ఉంది, ఇవ్వబోయాను. అక్క తీసుకోలేదు, నోరింకా తెరిచే ఉంది. ఆమె చూస్తున్నది మావైపు కాదు.

పళ్ళెం జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఆట ఏమిటో ఏనాడూ అడగని ఆ మనిషి రెండో చెయ్యి చాపాడు.

"రావే," అన్నాడు.

పైనుంచి పాత గొంతు తర్వాతి బండి గురించి ఏదో చెబుతూనే ఉంది. ఆయన ఈసారి తలెత్తలేదు.